ఆరో గుంట కేబులు

డిప్లొమా మూడో సెమిస్టర్ ఫలితాలు వచ్చినప్పుడు నేను నెల్లూరు నుంచి అల్లూరు వచ్చే బస్సులో నిలబడి ఉన్నాను. ఒక చేత్తో పైకడ్డీ పట్టుకుని, ఇంకో చేత్తో ఫోన్ చూసుకుంటున్నాను. అన్ని సబ్జెక్టులూ పాసయ్యాను, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ ఎలక్ట్రికల్ సర్క్యూట్స్. ఎలక్ట్రికల్ బ్రాంచిలో చేరి సర్క్యూట్సే పోగొట్టుకోవడమంటే, రేవులో పుట్టి ఈత రాదని చెప్పుకోవడం లాంటిది. బస్సు దిగేదాకా తల ఎత్తి ఎవరి మొహమూ చూడలేదు.

ఇంట్లో చెప్పాను. సబ్జెక్టు పోవడమంటే ఏమిటో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. పదో తరగతి దాటిన మొదటి మనిషిని నేనే.

“పోయిందంటే మళ్ళా రాసేదానికి ఉంటాదా, ఉండదా?” అని అడిగాడు నాయన.

“ఉంటాది.”

“అయితే ఇంకేం? రాయి.”

అంతే. ఆయన అన్నం తిని, తువ్వాలు తలకు చుట్టుకుని పనికి వెళ్ళిపోయాడు. అమ్మ మాత్రం నా కంచంలో ఇంకో చేపముక్క వేసింది.

నాయన రొయ్యల గుంటల దగ్గర పనిచేసేవాడు. ఒక రైతుకు మా ఊరి అవతల, ఉప్పుకాలువ పక్కన ఆరు గుంటలున్నాయి. మేత వేయడం, నీళ్ళు చూసుకోవడం, ఏరియేటర్లు నడపడం నాయన పని. ఏరియేటరంటే గుంటలో తేలుతూ, రెక్కల చక్రాలతో నీటిని చిలికే యంత్రం. అది ఆగిపోతే నీళ్ళలో గాలి తగ్గి రొయ్యలు ఊపిరాడక పైకి వస్తాయి. నాయన ఏనాడూ బడికి పోలేదు. కానీ కట్ట మీద కూర్చుని చక్రాల చప్పుడు వింటూ, ఏ గుంటలో మోటారు బరువుగా లాగుతోందో చెప్పేసేవాడు. పాలిటెక్నిక్ కౌన్సెలింగ్‌లో ఏ బ్రాంచి తీసుకోవాలని నేను అడిగినప్పుడు, “కరెంటు చదువు తీసుకో” అన్నది ఆయనే. గుంటల మీద మోటారు ఆగితే ఎంత పెద్ద రైతైనా మోటారు మేస్త్రీ వచ్చేదాకా చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. ఆ సంగతి ఆయన రోజూ చూసేవాడు.

మాకు సర్క్యూట్స్ చెప్పే మేడమ్ నెల్లూరు మనిషే. ఎక్కువ మాట్లాడేవారు కాదు. క్లాసులో ఎవరినైనా పొగడగా నేను వినలేదు. ఫలితాలు వచ్చిన వారంలోనే నన్ను స్టాఫ్ రూముకు పిలిచారు. తిట్టడానికే అనుకుని భయపడుతూ వెళ్ళాను. ఆమె ఎదుటి కుర్చీ చూపించి, ఒక తెల్లకాగితం మీద సర్క్యూట్ గీసి నా ముందుకు తోశారు.

“చెయ్యి. నేను చూస్తా ఉంటా.”

ఆ సర్క్యూట్‌ను ఇప్పటికీ కళ్ళు మూసుకుని గీయగలను. ఎడమ చివర ఇరవై వోల్టుల సోర్స్, దాని వెంట వరసలో ఐదు ఓమ్‌ల రెసిస్టర్. తరవాత పైతీగకూ కిందితీగకూ మధ్య ఇరవై ఓమ్‌లు. పైతీగ మీద ముందుకు పోతే నాలుగు ఓమ్‌లు. అక్కడి నుంచి మళ్ళీ కిందికి ఎనిమిది ఓమ్‌లు, దాని పక్కనే ఒక ఆంపియర్ ఇచ్చే కరెంట్ సోర్స్, అన్నిటికన్నా చివర రెండు ఓమ్‌ల రెసిస్టర్. ఆ చివరి రెండు ఓమ్‌లలో ఎంత కరెంటు పోతుందన్నది ప్రశ్న.

నాకు తెలిసిన పద్ధతి ఒకటే. పక్కపక్కన కనిపించిన వాటినల్లా కలిపేయడం. మధ్యలో కరెంట్ సోర్స్ ఉన్నా ఎనిమిదీ రెండూ దగ్గర దగ్గరగా కనిపించాయి కాబట్టి ముందు వాటిని కలిపేశాను. అక్కడి నుంచి కలుపుకుంటూ, మార్చుకుంటూ పోయాను. చివర ఒక అంకె వచ్చింది.

“ఇది దేంట్లో పోయే కరెంటు?” అని అడిగారు మేడమ్.

నేను ఆ అంకె కింద గీత గీశాను.

“ప్రశ్నలో అడిగింది దేన్ని?”

“చివర రెండు ఓమ్‌లని మేడమ్.”

“అది యాడుండాది ఇప్పుడు నీ బొమ్మలో?”

వెతికాను. లేదు.

“ఎవుర్ని గురించి అడిగినారో వాళ్ళనే ముందు మింగేసినావు. ఇంక వాళ్ళ సంగతి ఎవురు చెప్తారు?” అన్నారు. పరీక్షలో కూడా నేను చేసింది ఇదే. ప్రతి లెక్కలోనూ ఇదే చేశాను.

ఆమె ఆ రెండు ఓమ్‌ల మీద బొటనవేలు పెట్టి మూసేశారు. “దీన్ని ముట్టుకోబాకు. ఇది తప్ప మిగతాదంతా నీదే. ఎడమ పక్క నుంచి మడతపెట్టుకుంటా రా.”

తరవాత ఆమె చెప్పింది చాలా చిన్న విషయం. పుస్తకంలో అరపేజీ కూడా ఉండదు. ఒక వోల్టేజ్ సోర్స్‌కు వరసలో ఒక రెసిస్టెన్స్ ఉంటే, ఆ జతను తీసేసి దాని బదులు ఒక కరెంట్ సోర్స్‌ను పెట్టుకోవచ్చు. అదే రెసిస్టెన్స్ ఇప్పుడు దాని పక్కన, పారలల్‌గా కూర్చుంటుంది. వోల్టులను ఓమ్‌లతో భాగిస్తే ఎన్ని ఆంపియర్లో తెలుస్తుంది. తిరిగి వెనక్కి రావాలంటే గుణిస్తే సరి. బయట తగిలించుకున్న వస్తువుకు లోపల ఏ జత ఉన్నదో తెలియదు. రెండూ దానికి ఒకటే.

ఇరవై వోల్టులు, ఐదు ఓమ్‌లు. అంటే నాలుగు ఆంపియర్లు, పక్కన ఐదు ఓమ్‌లు. ఆ ఐదుకు ఇప్పుడు ఇరవై ఓమ్‌లు పక్కకు వచ్చాయి. రెండూ కలిస్తే నాలుగు ఓమ్‌లు. నాలుగు ఆంపియర్లను నాలుగు ఓమ్‌లతో గుణించి వెనక్కి మారిస్తే పదహారు వోల్టులు. వరసలో నాలుగూ నాలుగూ ఎనిమిది ఓమ్‌లు. మళ్ళీ మారిస్తే రెండు ఆంపియర్లు. అక్కడ కాచుకుని ఉన్న ఒక ఆంపియర్ వచ్చి కలిసి మూడైంది. ఎనిమిదీ ఎనిమిదీ పారలల్‌లో నాలుగు ఓమ్‌లు. ఆఖరిసారి మారిస్తే పన్నెండు వోల్టులు, నాలుగు ఓమ్‌లు. అప్పుడు మేడమ్ బొటనవేలు తీశారు. పన్నెండు వోల్టులు, మొత్తం ఆరు ఓమ్‌లు. రెండు ఆంపియర్లు.

కాగితం నిండా ఉన్న గీతలన్నీ పోయి సోర్స్‌కు గుర్తుగా ఒక సున్నా, రెసిస్టర్లకు రెండు పెట్టెలు మిగిలాయి. నేను ఆ బొమ్మ వంక చూస్తూ కూర్చున్నాను. నా చేత్తో చేసిన లెక్క ఒకటి ఇంత తేటగా కనిపించడం అదే మొదలు.

“ఇంకోటి ఇయ్యండి మేడమ్” అన్నాను.

ఆ సాయంత్రం నుంచి రోజూ ఒకటో రెండో ఇచ్చేవారు. బస్సులో మనసులోనే చేసుకుంటూ వచ్చేదాన్ని. ఇంటికి చేరాక పాత క్యాలెండర్ కాగితాల వెనక గీసేదాన్ని. మొదట అడిగినదాని మీద బొటనవేలు పెట్టడం, ఆపైన మడతపెట్టడం. అమ్మ చూసి, “ఆ వేలు ఎందుకట్టా పెట్టుకోని ఉండావు?” అని అడిగేది.

పరీక్షలు దగ్గరపడి చదువుకోవడానికి సెలవులిచ్చారు. అప్పుడు ఆరో గుంటలో మోటారు మొండికేసింది.

ఆరో గుంట అన్నిటికన్నా చివరిది, కాలువ ఒడ్డున ఉంటుంది. స్విచ్‌బోర్డు ఉన్న షెడ్డు నుంచి అక్కడికి రెండువందల మీటర్ల కేబులు కట్టల మీదుగా వెళుతుంది. అక్కడి ఏరియేటర్ మోటారు ఆ సీజన్‌లో అప్పటికే రెండుసార్లు కాలిపోయింది. రెండుసార్లూ అల్లూరు సెంటర్‌లో వైండింగ్ కట్టించి తెచ్చారు. మూడోసారి కూడా స్విచ్ వేస్తే ‘మ్‌మ్’ అని మూలుగుతోంది, తిరగడం లేదు.

ఆ పొద్దున నేను నాయనకు అన్నం తీసుకుని వెళ్ళాను. మబ్బు పట్టి ఉంది. గాలి లేదు. ఆరో గుంట కట్ట మీద రైతు, మోటారు మేస్త్రీ నిలబడి ఉన్నారు. నాయన వాళ్ళకు నాలుగడుగుల దూరంలో, తువ్వాలు చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. అంచున అక్కడక్కడా రొయ్యలు నీటిపైకి వచ్చి మీసాలు ఆడిస్తున్నాయి.

మేస్త్రీ మోటారు వైర్లు విప్పి, కేబులు కొసల మీద మీటరు పెట్టి చూపించాడు. “చూడండి. రెండువందల ఇరవై ఎనిమిది. కరెంటు నిండుగా ఉండాది. తప్పు మోటారుదే. మళ్ళా కాయిలు పోయే దారిలో ఉండాది.”

రైతు నాయన వైపు తిరిగాడు. “నువ్వు కనిపెట్టుకోని ఉంటే ఒకే మోటారు ఇన్ని తూర్లు కాలతాదా? మూలగతా ఉంటే కట్టెయ్యాల గదా! యాడ కూర్చోని ఉంటావు నువ్వు?”

నాయన ఏ మోటారునూ మూలగనిచ్చే మనిషి కాదని నాకు తెలుసు. మా ఊళ్ళో అందరికీ తెలుసు. అయినా ఆయన తల వంచుకున్నాడు. నేను అన్నం గిన్నె కట్ట మీద పెట్టేశాను.

రెండువందల ఇరవై ఎనిమిది అన్న మాట మాత్రం నా చెవిలో ఉండిపోయింది. మోటారు విప్పేసి చూసిన అంకె అది. ఏ వస్తువూ తగిలించనప్పుడు కేబుల్లో కరెంటే పారదు. కరెంటు పారకపోతే దారిలో ఎంత రెసిస్టెన్స్ ఉన్నా ఒక్క వోల్టు కూడా తగ్గదు. కొసన మీటరు పెట్టినవాడికి సోర్స్ నిండుగానే కనిపిస్తుంది.

“అన్నా, మోటారు తగిలించినాక మీటరు పెట్టి చూసినారా?” అని అడిగాను మేస్త్రీని.

“తిరిగితే గదమ్మా చూసేది!” అని ఆయన నవ్వాడు.

“తిరగకపోయినా ఒక తూరి చూడండన్నా.”

ఆయన నాయన మొహం చూశాడో, నా మొహం చూశాడో తెలియదు. వైర్లు బిగించి, మీటరు పట్టుకుని, స్విచ్ వేయమన్నాడు. మోటారు మూలిగింది. మీటరు మీద అంకె జారి నూట నలభై దగ్గరికి పడిపోయింది. ఆయన వెంటనే కట్టేయమని అరిచాడు.

“మోటారు లోపల షార్ట్ ఉంటే గూడా ఇట్టానే లాగతాది” అన్నాడు కాసేపటికి. అదీ నిజమే. మోటారు చెడిపోయి ఎక్కువ లాగుతున్నదా, కేబులే ఇవ్వలేకపోతున్నదా అన్నది ఆ ఒక్క అంకెతో తేలదు. మోటారును పక్కన పెట్టి మిగతాదంతా ఎంత ఉన్నదో తేల్చాలి. నాకు ఏం చేయాలో తెలిసింది. నాయనను అడిగి, ఇంటికి పరుగెత్తి మా ఇస్త్రీ పెట్టె, ల్యాబు కోసం కొనుక్కున్న నా మీటరు తెచ్చాను.

రైతు చూసి, “ఇస్త్రీ చేసేదానికి ఇదా పాపా టైము?” అన్నాడు.

“ఐదు నిమిషాలయ్యా. తప్పయితే మోటారు తీసకపోండి.”

ఇస్త్రీ పెట్టెను మీటరుతో చూస్తే యాభై ఓమ్‌లు. మోటారులాగా అది మొండికేయదు, మూలగదు. ఎప్పుడు చూసినా యాభయ్యే. నాయన షెడ్డులో మెయిన్ కట్టేసి అక్కడే కాపలా నిలబడ్డాడు. మేస్త్రీ మోటారు విప్పి, కేబులు కొసలకు ఇస్త్రీ పెట్టెను తగిలించాడు. దాన్ని ఇటుక మీద నిలబెట్టి, చేయి ఊపాను. నాయన మెయిన్ వేశాడు. మేస్త్రీ మీటరు పెట్టాడు.

నూట తొంభై.

నేను పెన్ను తీసి అరచేతిలో రాసుకున్నాను. నూట తొంభై వోల్టులు, యాభై ఓమ్‌లు. అంటే మూడు పాయింట్ ఎనిమిది ఆంపియర్లు పోతున్నాయి. వట్టిగా ఉన్నప్పుడు రెండువందల ఇరవై ఎనిమిది. ముప్పై ఎనిమిది వోల్టులు దారిలోనే తగ్గాయి. ముప్పై ఎనిమిదిని మూడు పాయింట్ ఎనిమిదితో భాగిస్తే పది.

“అన్నా, ఈ గుంటకొచ్చే కరెంటు దారిలో పది ఓమ్‌లు ఉండాయి.”

“పదా?” అన్నాడు మేస్త్రీ. ఆయన ఇప్పుడు నవ్వడం లేదు. “ఈ లావు కేబులుకు రెండు ఓమ్‌లు గూడా ఉండకూడదే.”

“షెడ్డు కాడ గూడా చూద్దామన్నా.”

ఇస్త్రీ పెట్టె మోసుకుని అందరం షెడ్డుకు వెళ్ళాం. రైతు కూడా వచ్చాడు. అక్కడ తగిలిస్తే నాలుగు వోల్టులే తగ్గాయి. ఒక ఓమ్ కూడా లేదు. అంటే ఊరి ట్రాన్స్‌ఫార్మర్ నుంచి షెడ్డు దాకా అంతా బాగుంది. నాలుగో గుంట దగ్గర కేబులుకు ఒక అతుకు ఉంది. దాని దగ్గర చూస్తే ఆరు వోల్టులు తగ్గాయి. ఒకటిన్నర ఓమ్ కూడా లేదు. అక్కడిదాకా కూడా బాగుంది. మిగతా ఎనిమిదిన్నర ఓమ్‌లూ నాలుగో గుంటకూ ఆరో గుంటకూ మధ్యే ఉన్నాయి.

“మధ్యలో ఇంకో అతుకు ఉండాదా నాయనా?”

నాయన వెంటనే చెప్పాడు. “ఐదో గుంట తూము కాడ. పోయిన వానల్లో కట్ట తెగినప్పుడు కేబులు తెగింది. ఎవురో వచ్చి అతికిపోయినారు. పైన పట్ట కప్పినాను, తడవకుండా.”

మెయిన్ కట్టేశారు. ఈసారి నాయన ఫ్యూజులు కూడా పీకి జేబులో వేసుకుని వచ్చాడు. తూము దగ్గర పట్ట తీసి, మేస్త్రీ టేపు చుట్టలు ఒక్కొక్కటే విప్పాడు. లోపలి చుట్టలు మాడి గట్టిపడి ఉన్నాయి. ఆఖరి చుట్ట విప్పగానే సున్నంలాంటి తెల్లపొడి ఆయన వేళ్ళ మీద రాలింది. అల్యూమినియం తీగను ఉప్పుగాలి తినేసింది. ఏడు పోగుల్లో పట్టుకుని ఉన్నవి రెండే. అవీ నల్లగా మాడి ఉన్నాయి.

మేస్త్రీ ఆ తీగను రైతుకు చూపించాడు.

“తప్పు నాదే” అన్నాడు మేస్త్రీ. “మీటరు నిండుగా చూపిస్తా ఉంటే కేబులు మీదికి నాకు మనసు పోలా. రెండు తూర్లు వైండింగ్ కట్టించినా గానీ, కరెంటు చాలక కాలతా ఉండాదని చూడలా.” తరవాత నా వైపు చూసి, “ఆ ఇస్త్రీ పెట్టె లెక్క నాకు గూడా రాసియ్యమ్మా” అన్నాడు.

పాడైన ముక్క కోసేసి, తీగను గీకి శుభ్రం చేసి, క్రింపు గొట్టం తొడిగి నొక్కి కొత్తగా అతికాడు. నేను మళ్ళీ ఆరో గుంట దగ్గర ఇస్త్రీ పెట్టెతో చూశాను. రెండువందల పదిహేడు. మోటారు తగిలించారు. నాయన స్విచ్ వేశాడు. ఒక్క క్షణం కూడా మూలగకుండా చక్రాలు తిరిగాయి. నీళ్ళు ఎగిరి మా మీద పడ్డాయి.

నాయన కట్ట మీద చెవి వొగ్గి కాసేపు విన్నాడు. “ఇప్పుడు బరువు లేదు” అన్నాడు.

రైతు ఆయన దగ్గరికి వచ్చాడు. మేస్త్రీ ముందరే, నా ముందరే అన్నాడు: “ఇందాక నిన్ను ఊరికే అన్నాను. మనసులో పెట్టుకోబాక.”

“దాందేముందయ్యా” అన్నాడు నాయన. “బిడ్డ చెప్తా ఉంటే ఆగి విన్నారు. అది చాలు నాకు.”

ఆ మాట అంటూ ఆయన నా వైపు చూడలేదు. తువ్వాలు విదిలించి తలకు చుట్టుకున్నాడు. ఆ చుట్టడంలో ఒక ఠీవి ఉంది. అది నేను అంతకు ముందు చూడలేదు. అప్పుడు నాకు కలిగిన గర్వం తరవాత ఉద్యోగం వచ్చినప్పుడు కూడా కలగలేదు. అన్నం చల్లారిపోయింది. కట్ట మీదే కూర్చుని నాయన ఆ చల్లారిన అన్నం తిన్నాడు. మేస్త్రీకీ ఒక ముద్ద పెట్టాడు.

ఆ రోజు నుంచి నాయన ఈ కథను కనిపించిన వాళ్ళందరికీ చెప్పాడు. అల్లూరు టీ అంగడిలో చెప్పాడు. మైపాడులో పెళ్ళికి పోతే అక్కడ వలలు బాగుచేసుకుంటున్న వాళ్ళకు చెప్పాడు. చెప్పేకొద్దీ పది ఓమ్‌లు వంద ఓమ్‌లయ్యాయి. ఓమ్ అంటే ఏమిటని ఎవరో అడిగితే, “కరెంటుకు అడ్డంపడేది” అన్నాడట. మా పుస్తకంలో ఉన్నదాని కంటే అదే బాగుంది. రెండు మూడు ఆదివారాలు పక్క గుంటల వాళ్ళు కూడా నన్ను పిలిచారు. ఇస్త్రీ పెట్టె నాయన మోసేవాడు, నేను మీటరు పట్టుకునేదాన్ని. అమ్మ మాత్రం, “నా పెట్టెకు ఉప్పునీళ్ళు తగిలితే ఊరుకోను” అని వెనక నుంచి కేకేసేది.

సప్లిమెంటరీ పరీక్షలో ఆ లెక్క లాంటిదే వచ్చింది. సోర్సులు మూడు, రెసిస్టర్లు ఏడు. నా చుట్టూ ఉన్నవాళ్ళు సమీకరణాలు రాస్తూ పేజీలు తిప్పుతున్నారు. నేను ప్రశ్నపత్రం మీద అడిగిన రెసిస్టర్‌ను బొటనవేలితో మూసి, ఎడమ నుంచి మొదలుపెట్టాను. ఒక పేజీలో అయిపోయింది. టైము మిగిలితే జవాబును పట్టుకుని వెనక్కి నడిచి, ఒక్కో రెసిస్టర్‌లో కరెంటు సరిపోతోందో లేదో చూసుకున్నాను. సరిపోయింది. ఫలితం వచ్చినప్పుడు ఆ సబ్జెక్టులో మా బ్రాంచి మొత్తం మీద నావే ఎక్కువ మార్కులు.

మేడమ్‌కు చెప్పడానికి స్టాఫ్ రూముకు వెళ్ళాను. మార్కులు విని తల ఊపారు, అంతే. ఆగలేక ఆరో గుంట సంగతి కూడా చెప్పాను. అది విన్నప్పుడు మాత్రం చేతిలోని పెన్ను కింద పెట్టారు. అంకెలన్నీ అడిగారు. వట్టిగా ఎంత, తగిలిస్తే ఎంత, షెడ్డు దగ్గర ఎంత. ఒక సున్నా గీసి అందులో 228 అని, పక్కన పెట్టె గీసి 10 అని రాసి, ఆ కాగితం వైపు కాసేపు చూశారు. తరవాత గడియారం చూసి లేచారు.

“జూనియర్లకు ఇప్పుడు నా క్లాసు ఉండాది. పద.”

“నేనెందుకు మేడమ్?”

“ఇది చెప్పు వాళ్ళకు. సుద్దముక్క తీసుకో.”

అరవై మంది ముందు అలా నిలబడడం నాకు అదే మొదలు. మేడమ్ వెనక బెంచీలో, ఒక అమ్మాయిని జరగమని పక్కన కూర్చున్నారు. నేను బోర్డు మీద కేబులు గీశాను, షెడ్డు గీశాను, చివర మోటారు గీశాను. గుంట అంటే తెలియనివాళ్ళు ఆ క్లాసులో సగం మందైనా ఉంటారు. వాళ్ళకు రొయ్యల సంగతి చెప్పాను. చెప్పేకొద్దీ మాట సాఫీగా వచ్చింది. మోటారు మీద అరచేయి పెట్టి, ట్రాన్స్‌ఫార్మర్, షెడ్డు, కేబులు, అతుకులు, ఇదంతా కలిసి ఒక్క సోర్స్, ఒక్క రెసిస్టెన్స్ అన్నాను.

మధ్య వరసలో ఒక అమ్మాయి లేచింది. “అక్కా, మోటారుతోనే లెక్క చెయ్యొచ్చు గదా? ఇస్త్రీ పెట్టె ఎందుకు?”

మంచి ప్రశ్న. “మోటారు ఆగి ఉంటే ఒక రకంగా లాగుతుంది, తిరిగితే ఇంకో రకంగా లాగుతుంది. పైగా మనకు అనుమానం ఉన్నది దాని మీదే. అనుమానం ఉన్నవాడిని సాక్ష్యం అడగకూడదు కదా. ఇస్త్రీ పెట్టె ఎప్పుడూ యాభై ఓమ్‌లే” అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆ అమ్మాయి కూర్చుని నోట్సులో రాసుకుంది. నేను చెప్పిన మాటను ఎవరైనా రాసుకోవడం నేను చూడడం అదే మొదటిసారి.

సుద్దముక్క బల్ల మీద పెట్టి మేడమ్ వైపు చూశాను. ఇక ఆమె వచ్చి పాఠం అందుకుంటారనుకున్నాను. ఆమె లేవలేదు. ఒడిలో ఉన్న పుస్తకం తెరిచి, పేజీ వెతికి, పైకి ఎత్తి చూపించారు.

“ఈ లెక్క గూడా నువ్వే చెప్పమ్మా” అన్నారు. “బాగా చెప్తా ఉండావు.”

నేను బోర్డు తుడిచి, కొత్త సర్క్యూట్ గీయడం మొదలుపెట్టాను.